రీసెర్చ్ క్రూజ్ ఆఖరి రోజులు: పోర్ట్ చేరేలోపు ముందు ఏది పూర్తి చేసుకోవాలి?

కెరటాల_చప్పుడు:

అందరికీ నమస్తే. నేను ఓషనోగ్రఫీలో పీహెచ్‌డీ చేస్తున్నా, ఇది నా మొదటి క్రూజ్. నిన్న సాయంత్రం ఆఖరి స్టేషన్ (ఓడ ఆగి కొలతలు తీసే చోటు) కూడా అయిపోయింది, సీటీడీ రోజెట్‌ని (నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచే సెన్సర్లు, నీళ్లు పట్టే సీసాలు ఉన్న చట్రం) పైకి లాగి డెక్ మీద కట్టేశారు, ఇప్పుడు ఓడ ఎక్కడా ఆగకుండా పోర్ట్ వైపే పోతోంది. సముద్రం ఇలాగే ఉంటే ఇంకో నాలుగైదు రోజుల్లో చేరిపోతాం అంటున్నారు.

ఇన్నాళ్లూ అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా వాచ్ (డ్యూటీ షిఫ్ట్), నీళ్లు పట్టడం, ఫిల్టర్ చెయ్యడం, పడుకోవడం, లేచి మళ్లీ వాచ్, ఇంకో ఆలోచన ఉండేది కాదు. ఇప్పుడు విన్చ్ (కేబుల్ దింపి లాగే యంత్రం) చప్పుడు ఆగిపోయేసరికి ఏమీ తోచట్లేదు, పని లేక కాదు, పని కుప్పలుగా ఉంది కానీ ఎటు నుంచి పట్టుకోవాలో తెలీట్లేదు. దిగేలోపు ఎవరి భాగం క్రూజ్ రిపోర్ట్ వాళ్లు రాసివ్వాలి, శాంపిల్ లిస్ట్ ఇవ్వాలి, ల్యాబ్ ఖాళీ చెయ్యాలి అని చీఫ్ సైంటిస్ట్ గారు మీటింగ్‌లో చెప్పారు. మా వాచ్‌లో వాళ్లేమో డేటా ఎక్కడికీ పోదు, ఒడ్డుకి వెళ్లాక తీరిగ్గా చూసుకోవచ్చు, ఇప్పుడు రెస్ట్ తీసుకో అంటున్నారు. అది కూడా నిజమే అనిపిస్తోంది, అందరం బాగా అలిసిపోయి ఉన్నాం.

నా చేతిలో ఉన్నవి ఇవీ. క్లోరోఫిల్ ఫిల్టర్లు, డీఎన్‌ఏ ఫిల్టర్లు మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్నాయి, న్యూట్రియెంట్ ట్యూబులు మైనస్ 20లో, నెట్‌తో పట్టిన ప్లాంక్టన్ ఫార్మలిన్ సీసాల్లో, ఇంకా కొలవని సాలినిటీ (ఉప్పదనం) సీసాలు కొన్ని క్రేట్లు. లాగ్ షీట్లు మాత్రం తడిసి ఆరినవి, ముగ్గురి చేతిరాతల్లో ఉన్నాయి, కొన్ని చోట్ల గడులు ఖాళీగా ఉన్నాయి.

ఇంకో విషయం కూడా అడగాలని ఉంది. ఎప్పుడెప్పుడు దిగుతానా అని ఎదురుచూసిన దాన్ని, ఇప్పుడు దిగాలంటే మనసొప్పట్లేదు. రాత్రిళ్లు వాచ్ లేకపోయినా అదే టైంకి మెలకువ వచ్చేస్తోంది. ఇలా అందరికీ ఉంటుందా? ఓడలో నెట్ చాలా స్లో, ఫొటోలు లింకులు ఓపెన్ అవ్వవు, టెక్స్ట్‌లోనే చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.


రోజెట్_దగ్గర:

చెల్లీ, ముందు లాగ్ షీట్లు. మిగతావన్నీ తర్వాత. ఫ్రీజర్‌లో ఉన్న ఫిల్టర్ నాలుగు రోజుల తర్వాత కూడా అదే ఫిల్టర్, కానీ ఖాళీగా వదిలేసిన ఆ గడిలో ఏం ఉండాలో తెలిసిన మనిషి ఇప్పుడు నీ పక్క క్యాబిన్‌లో ఉన్నాడు, వచ్చే వారం ఎక్కడుంటాడో నీకు తెలీదు. ఒడ్డున చూసుకోవచ్చు అనేవాళ్ల మాట ఫైళ్ల వరకు కరెక్టే, మనుషుల బుర్రల్లో మాత్రమే ఉన్న విషయాలకి అది అస్సలు వర్తించదు. ఆఖరి రోజుల్లో చెయ్యాల్సిన పనంతా నా దృష్టిలో అదే, బుర్రల్లో ఉన్నది కాగితం మీదకి దించడం.

ఒక్కో స్టేషన్ షీట్ తీసుకుని ఆ వాచ్‌లో ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఏ నిస్కిన్ బాటిల్ (రోజెట్ మీదుండే నీటి సీసా) సరిగ్గా మూసుకోలేదు, దేనికి లీక్ ఉంది, ఏ డెప్త్‌లో రెండు బాటిల్స్ మూయించారు, ఏ కాస్ట్ (సీటీడీని ఒకసారి దింపి తీయడం) మధ్యలో కేబుల్ సిగ్నల్ పోతే ఆపేసి పైకి తీశారు, ఏ కాస్ట్ నుంచి సెన్సర్ మార్చారు, పాత సెన్సర్ సీరియల్ నంబర్ ఎంత, కొత్తది ఎంత, ఇవన్నీ. బాటిల్ అనుమానంగా ఉంటే ఫ్లాగ్ వెయ్యి, చాలామంది వోస్ (WOCE అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన కార్యక్రమం) పద్ధతి ఫ్లాగులే వాడతారు, 2 అంటే బాగుంది, 3 అంటే అనుమానం, 4 అంటే పనికిరాదు, 9 అంటే అసలు శాంపిల్ తీయలేదు. అనుమానం ఉన్నదాన్ని తీసి పారెయ్యకు, ఫ్లాగ్ వేసి పక్కనే ఎందుకో ఒక ముక్క రాయి. బాటిల్ సాలినిటీకి, అదే డెప్త్‌లో సీటీడీ చెప్పిన సాలినిటీకి తేడా గ్రాఫ్ గీసి చూస్తే పైన ఎక్కడో మూసుకున్న బాటిల్ వెంటనే దొరికిపోతుంది, ఆక్సిజన్ కూడా అదే కథ చెప్తుంది.

టైం విషయంలో చాలా జాగ్రత్త. అంతా యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైం) ఉండాలి. ఓడ తూర్పుకో పడమరకో పోతున్నప్పుడు 15 డిగ్రీల లాంగిట్యూడ్‌కి ఒక గంట చొప్పున ఓడ గడియారం మారుస్తూ ఉంటారు కదా, నిద్రమత్తులో ఎవరో ఒకరు గోడ గడియారం చూసి రాసేసి ఉంటారు. సీటీడీ ఫైల్ హెడర్‌లో ఉన్న టైంతో పోల్చి చూస్తే సరిగ్గా గంట, రెండు గంటల తేడా వచ్చిన వరసలు బయటపడతాయి. ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు, ఫ్లోరోమీటర్, దేని గడియారం దానిదే, వాటిని విప్పేసేలోపు జీపీఎస్ టైంతో ఎంత తేడా ఉందో సెకన్లలో రాసిపెట్టుకో. ఇది ఒక్కసారి విప్పేశాక మళ్లీ తెలుసుకునే దారి లేదు.

లాటిట్యూడ్, లాంగిట్యూడ్ కూడా. 12 డిగ్రీల 30 నిమిషాలు అంటే దశాంశాల్లో 12.5, దాన్ని 12.30 అని ఎక్సెల్‌లో కొట్టేస్తారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ 0.2 డిగ్రీ అంటే లాటిట్యూడ్‌లో 12 నాటికల్ మైళ్లు, 22 కిలోమీటర్లు పక్కకి పోయినట్టు. షెల్ఫ్ (తీరం దగ్గరి తక్కువ లోతు సముద్రం) అంచు దగ్గర స్టేషన్ అయితే మ్యాప్ మీద లోతే మారిపోతుంది.

ఆ తర్వాత బ్యాకప్. సీటీడీ హెక్స్ ఫైల్ (సెన్సర్లు ఇచ్చిన ముడి అంకెలు) ఒక్కటే కాపీ చేసుకుని సరిపోయిందనుకోకు, కాన్ఫిగరేషన్ ఫైల్‌లో కాలిబ్రేషన్ లెక్కలు ఉంటాయి, అది లేకపోతే హెక్స్ ఫైల్ వట్టి అంకెల గుట్ట. బాటిల్ ఫైళ్లు కూడా ఉండాలి. రెండు హార్డ్ డిస్కులు, ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు బ్యాగులు. కాపీ అయ్యాక రెండు వైపులా చెక్‌సమ్ (కాపీ తేడా లేకుండా వచ్చిందో చెప్పే అంకె) చూడు. తడిసిన లాగ్ షీట్లని ఒక్కోటి వెలుతురులో పెట్టి ఫొటో తీసి అవి కూడా అందులోనే వెయ్యి, పెన్సిల్ రాత ఉన్న అంచులు కోసేయకుండా పూర్తి కాగితం రావాలి ఫొటోలో.

నిద్ర, మనసు సంగతి మిగతావాళ్లు చెప్తారు, నాకు తెలిసింది ఇది.


మైనస్80:

పైన అన్న చెప్పినదానితో వంద శాతం ఏకీభవిస్తున్నానండి, ఒక్కటి తప్ప. ఫ్రీజర్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు అన్నది ఓడ సముద్రం మీద ఉన్నంత వరకే. అసలు గండం పోర్ట్‌లో. ఓడ కట్టేశాక ఓడ జనరేటర్ నుంచి ఒడ్డు కరెంట్‌కి మారుస్తారు చూడండి, ఆ మారేటప్పుడు కరెంట్ ఒక్క క్షణం పోయి రావచ్చు, కొన్ని ఫ్రీజర్లు మళ్లీ వాటంతట అవే ఆన్ అవ్వవు, అలారం మోగుతుంది, ఆ టైంకి అందరూ డెక్ మీద ఒడ్డు చూస్తూ ఉంటారు. అందుకే ఆ గంటలో ఫ్రీజర్ల దగ్గర ఎవరు ఉంటారో పేరుతో సహా ముందే అనుకోండి. ఎప్పుడు మారుస్తారో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని అడిగితే చెప్తారు, వాళ్లని ముందుగా అడిగితే వాళ్లకీ సంతోషమే.

ఇప్పుడు ఓపిగ్గా చెయ్యాల్సింది లిస్ట్. ఫ్రీజర్ తలుపు తీసి లెక్కపెట్టుకుంటూ నిలబడకండి. ఇద్దరు ఉండాలి, ఒకళ్లు ఒక్కో బాక్స్ బయటకి తీసి చదవాలి, ఒకళ్లు టైప్ చెయ్యాలి, బాక్స్ డ్రై ఐస్ మీదో గడ్డకట్టిన కూల్ ప్యాక్‌ల మీదో పెట్టి రెండు మూడు నిమిషాల్లో లోపల పెట్టెయ్యాలి. ఫ్రీజర్, అర, బాక్స్, బాక్స్‌లో గడి నంబర్, ఇలా ప్రతి ట్యూబ్‌కి ఒక అడ్రస్ ఉండాలి. ఫిల్టర్ ట్యూబ్ మీద స్టేషన్, కాస్ట్, బాటిల్, ఎన్ని మిల్లీలీటర్లు ఫిల్టర్ చేశారు అన్నది ఉండాలి, ఆ వాల్యూమ్ లేకపోతే క్లోరోఫిల్ ఎంత ఉందో లెక్క కట్టడం కుదరదు, ఫిల్టర్ బంగారంలా ఉన్నా దండగే. డీఎన్‌ఏ ఫిల్టర్లకీ అంతే. మధ్యలో ఫిల్టర్ మూసుకుపోయి నీళ్లు పూర్తిగా దిగకపోతే ఎంత మిగిలిందో కొలిచి తీసేసిన అంకె రాశారో లేదో మీ వాచ్ వాళ్లని ఇప్పుడే అడగండి.

ప్లాంక్టన్ సీసాల లేబుల్స్ బయట మార్కర్‌తో మాత్రమే ఉంటే ఇవాళే ఇంకొకటి లోపల వెయ్యండి. తడిసినా చిరగని కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యడం, అక్షరాలు గాజు వైపు తిరిగి బయటికి కనిపించేలా. మూత తుడిచేటప్పుడు ఒక్క చుక్క ఆల్కహాల్ తగిలినా మార్కర్ చెరిగిపోతుంది, పెన్సిల్ గ్రాఫైట్‌కి ఏమీ కాదు. మూత మీద మాత్రమే రాసిన సీసాలైతే మరీ ప్రమాదం, రెండు మూతలు ఒకేసారి తీస్తే ఏది దేనిదో ఎవరూ చెప్పలేరు. ఫార్మలిన్ బఫర్ చేసిందేనా (ఆమ్లం వైపు పోకుండా మందు కలిపిందేనా), పీహెచ్ పడిపోయిందా అన్నది కూడా ఒకసారి చూడండి, ఆమ్లం వైపు పోతే టెరోపాడ్లు, ఫోరామ్‌లు లాంటి చిన్న ప్లాంక్టన్ జీవుల పెంకులు నెమ్మదిగా కరిగిపోతాయి, కొన్నాళ్లకి చూస్తే పెంకులు ఉండవు. గాలి బాగా వచ్చే చోట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకునే చెయ్యండి, చివరి రోజులు కదా అని ఒక్క సీసాకి ఎందుకులే అనుకోవద్దు.

న్యూట్రియెంట్ ట్యూబులు నిలబెట్టే ఉన్నాయా, ఏవైనా పగిలాయా, మూత పైకి లేచిందా చూడండి. నిండా నింపినవి గడ్డకట్టేటప్పుడు ఉబ్బి ఉప్పునీళ్లు మూత దగ్గర నుంచి కారతాయి, అలాంటి వాటిని లిస్ట్‌లో గుర్తు పెట్టండి. ఏ తేదీన ఫ్రీజ్ చేశారో కూడా రాయండి, సిలికేట్ ఎక్కువ ఉండే లోతు నీళ్లయితే కరిగించేటప్పుడు ఎక్కువ టైం ఇవ్వాలి, ల్యాబ్‌లో చేసేవాళ్లకి ఆ విషయం తెలిసుండాలి.

సాలినిటీ ఓడలో సాలినోమీటర్ ఉంటే ఇప్పుడే కానిచ్చెయ్యండి. సీసాలు ల్యాబ్ టెంపరేచర్‌కి వచ్చేదాకా కనీసం ఒక రోజు ఆ రూమ్‌లోనే ఉండనివ్వాలి, రన్ మొదట్లో ఒక స్టాండర్డ్ సీవాటర్ (సాలినిటీ ముందే కచ్చితంగా తెలిసిన నీళ్లు), చివర్లో ఇంకొకటి, మధ్యలో ఏసీ ముట్టుకోవద్దని తలుపు మీద కాగితం అంటించండి. ఆక్సిజన్ టైట్రేషన్ పెండింగ్ ఏదైనా ఉంటే అది ఇంకా ముందు, వింక్లర్ శాంపిల్స్ (ఆ టైట్రేషన్ కోసం పట్టినవి) ఇంటికి తీసుకెళ్లే సరుకు కాదు.

డ్రై ఐస్‌లో పంపేటట్లయితే, అది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా గ్యాస్ అయిపోతుంది కాబట్టి గాలి చొరబడని డబ్బాలో బిగించకూడదు, ఒత్తిడి పెరిగి డబ్బా పగులుతుంది. విమానంలో వెళ్తే యూఎన్ 1845 అని, ఎన్ని కిలోలు ఉందో లేబుల్ ఉండాలి. కారులో పెట్టుకుని కిటికీలు మూసేసి వెళ్లడం ప్రాణాంతకం, ఇది మాత్రం మర్చిపోవద్దు.


డెక్_వైపు:

నేను డెక్ టెక్నీషియన్‌గా చేస్తాను. నాకు వేరే భయం ఉంది, అందుకే రాస్తున్నా. ఆఖరి రోజుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా ప్యాకింగ్ దగ్గరే నేను చూసినంతలో. పని అయిపోయింది అనే ఫీలింగ్ వచ్చేస్తుంది, ఒంట్లో ఓపిక ఉండదు, సామాను బరువుగా ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. సముద్రం అద్దంలా ఉంది కదా అని బాక్సుల తాళ్లు విప్పేసి కారిడార్‌లో పెడతారు, రాత్రికి పక్క నుంచి స్వెల్ (దూరం నుంచి వచ్చే పెద్ద అలల ఊపు) వస్తే ఆ బాక్సులే మనిషి మీదకి జారతాయి. కాబట్టి సర్దిన ప్రతి బాక్స్‌నీ మళ్లీ కట్టండి. పైలట్ (ఓడని రేవులోకి నడిపించే స్థానిక నావికుడు) ఎక్కి ఓడ హార్బర్ లోపలికి వచ్చేదాకా ఒక్క తాడు కూడా విప్పొద్దు. విప్పేది కూడా బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) చెప్పాకే. ల్యాబ్ బెంచ్ మీద గాజు సామాను ఉంటే ముందు అదే సర్దండి, ఇనుము తర్వాత.

రోజెట్‌ని మంచినీళ్లతో బాగా కడగండి, నిస్కిన్ల లోపల, ట్యాపులు, మూతల రబ్బర్లు, రిలీజ్ హుక్‌లు, అన్నీ. ఉప్పు ఆరిందంటే రాయిలా పట్టేస్తుంది, తర్వాతి క్రూజ్ వాళ్లకి మొదటి కాస్ట్‌లోనే బాటిల్ మూసుకోదు. సీటీడీలో ఉప్పదనం కొలిచే కండక్టివిటీ సెల్‌లోకి నీళ్లు నెమ్మదిగా పంపాలి, ప్రెషర్ హోస్ పెట్టకూడదు. అయితే ఓడ మంచినీళ్లు ఎంత వాడొచ్చో ఇంజినీర్‌ని అడిగి మొదలుపెట్టండి.

కెమికల్ వేస్ట్ చుక్క కూడా సింక్‌లో పోకూడదు, డ్రమ్ముల మీద లోపల ఏముందో రాయండి. కార్బన్ శాంపిల్స్‌కి మెర్క్యురిక్ క్లోరైడ్ వాడి ఉంటే అది విడిగా. ప్లాస్టిక్ ఏ రూపంలోనూ సముద్రంలో వెయ్యకూడదు, మార్పోల్ (ఓడల కాలుష్యం మీద అంతర్జాతీయ ఒప్పందం) రూల్, ఎంత దూరంలో ఉన్నా సరే. తెగిన కేబుల్ టై ముక్కలు డెక్ మీద నుంచి గాలికి పోతుంటాయి, చేత్తో ఏరి జేబులో వేసుకోండి.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. స్టేషన్లు అయిపోయినా అండర్‌వే సిస్టమ్ (ఓడ పోతుండగానే కొలిచేది) నడుస్తూనే ఉంటుంది కదా, పై నీటి వేడి, సాలినిటీ కొలిచే థర్మోసాలినోగ్రాఫ్, ప్రవాహాలు కొలిచే ఏడీసీపీ. దాన్ని ఎక్కడ ఆపాలో చీఫ్ సైంటిస్ట్‌ని అడగండి. వేరే దేశం ఎకనామిక్ జోన్‌లోకి వెళ్తుంటే ఆ దేశం పర్మిషన్ లేకుండా డేటా తీసుకోకూడదు, 1982 సముద్ర చట్టం ఒప్పందంలోనే ఉంది, పర్మిషన్‌కి ఆరు నెలల ముందే అడగాలి. జోన్ 200 నాటికల్ మైళ్లు, ఓడ 10 నాట్లలో పోతోంది అనుకోండి, పోర్ట్‌కి 20 గంటల ముందే ఆపేయాల్సి రావొచ్చు. అంటే మీరు అండర్‌వే సాలినిటీ చెక్ శాంపిల్ ఆఖరి రోజు తీద్దాం అనుకుంటే అప్పటికి పంపే ఆగిపోయి ఉంటుంది. ముందే తీసుకోండి.

నిద్ర గురించి. లాగ్ షీట్లు ముందు అన్నారు పైన, నేనైతే ముందు ఒక రాత్రి పూర్తిగా పడుకోమంటాను. నిద్ర లేని కళ్లతో సరిచేస్తే ఉన్న రైటు కూడా తప్పు అవుతుంది, అసలుకే మోసం. ఒక్క రాత్రికి ఎవరూ ఓడ దిగి పారిపోరు.


రోజెట్_దగ్గర:

డెక్_వైపు గారు, నిద్ర మాట ఒప్పుకుంటా, ఒక రాత్రి పడుకునే కూర్చోమనండి. కానీ రెండో రాత్రి కూడా అలాగే పోనివ్వొద్దు, పోర్ట్‌కి ముందు రోజు అంటే ఇమిగ్రేషన్ ఫారాలు, క్యాబిన్ ఖాళీ, గ్రూప్ ఫొటోలు, ఆ రోజు ఏ పనీ జరగదు. ఆ రోజుని అసలు లెక్కలో పెట్టుకోవద్దు చెల్లీ.


పాత_ప్రయాణాలు:

మీ ప్రశ్న చదివాక నాకు డార్విన్ వెళ్లిన బీగిల్ ఓడ గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా, కాస్త పొడుగు అవుతుంది.

డార్విన్ 1831 డిసెంబర్‌లో బయల్దేరి 1836 అక్టోబర్ 2న ఫాల్మత్‌లో దిగాడు. ఆ ఆఖరి నెలల్లో ఆయన పరిస్థితి మీలాంటి వాళ్లందరికీ బాగా అర్థమవుతుంది. ఇంటి మీద బెంగ, సముద్రం అంటే విసుగు, దానికి తోడు అట్లాంటిక్‌లో ఇంటి వైపు తిరగాల్సిన ఓడని కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ మళ్లీ బ్రెజిల్ వైపు తిప్పాడు, క్రోనోమీటర్లతో (కచ్చితమైన ఓడ గడియారాలు) తీసిన లాంగిట్యూడ్ కొలతలు సరిచూసుకోవాలని. డార్విన్ ఇంటికి రాసిన ఉత్తరంలో ఆ వంకర ప్రయాణం మీద ఎంత బాధపడ్డాడో. ఫిట్జ్‌రాయ్ వైపు నుంచి చూస్తే మాత్రం అది సరైన పని, కొలత మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చి ముగిస్తేనే దాన్లో ఎంత తప్పుందో తెలిసేది.

అంత విసుగులోనూ డార్విన్ ఆ ప్రయాణంలో చేసిన పని ఏంటంటే నోట్స్ విడదీసి తిరిగి రాసుకోవడం, పక్షులవి వేరే, జంతువులవి వేరే. 1836లో ఓడ మీద రాసుకున్న ఆ పక్షుల నోట్స్‌లోనే గలాపగోస్ మాకింగ్‌బర్డ్‌లు దీవి దీవికీ వేరుగా ఉన్నాయని, అదే నిజమైతే జాతులు మారవు అన్న నమ్మకం కదిలిపోతుందని మొదటిసారి రాసుకున్నాడు. అంటే ఆ ఆలోచన దీవి మీద నిలబడ్డప్పుడు కాగితం మీదకి రాలేదు, తిరుగు ప్రయాణంలో కూర్చుని నోట్స్ సర్దుకుంటుంటే వచ్చింది.

అదే డార్విన్ ఫించ్ పిట్టల్లో చాలావాటికి ఏ దీవిలో పట్టిందో లేబుల్ మీద రాయలేదు. లండన్‌లో 1837 జనవరిలో పక్షుల నిపుణుడు జాన్ గూల్డ్ చూసి ఇవన్నీ ఫించ్‌లే, వేర్వేరు జాతులు అని చెప్పాక అప్పుడు దీవి పేరు కావాల్సి వచ్చింది. చివరికి ఫిట్జ్‌రాయ్, ఇంకా ఓడలో డార్విన్ సహాయకుడు కోవింగ్టన్ లాంటివాళ్లు సొంతంగా దాచుకున్న పిట్టలకి ఉన్న దీవుల వివరాలు అడిగి తీసుకుని లెక్క సరిచేసుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వాళ్లు లండన్‌లో దొరికారు కాబట్టి సరిపోయింది. పైన చెప్తున్న లేబుల్ గోల అంతా ఇందుకే.

ఒడ్డున చూసుకుందాం అనే మాటకి చాలెంజర్ అనే సముద్ర పరిశోధన ఓడ ఇంకో ఉదాహరణ. 1872 డిసెంబర్‌లో వెళ్లి 1876 మేలో తిరిగొచ్చింది, దాదాపు 69 వేల నాటికల్ మైళ్లు తిరిగింది. రిపోర్టులు 50 సంపుటాలు, ఆఖరిది వచ్చేసరికి 1895. యాత్రకి సైంటిఫిక్ లీడర్ వైవిల్ థామ్సన్ 1882లోనే చనిపోయాడు, మిగతాది జాన్ ముర్రే పూర్తి చేయించాడు. మూడున్నరేళ్లు సముద్రం మీద, దాదాపు ఇరవై ఏళ్లు కాగితాల మీద. ఓడ ఎక్కని శాస్త్రవేత్తలు ఎంతోమంది ఆ సీసాలు తెరిచి చూసి రాశారు ఆ సంపుటాలు, వాళ్లకి ఆధారం సీసా మీద ఉన్న స్టేషన్ నంబర్, ఆ స్టేషన్ నోట్స్, అంతే. మీ సీసా కూడా మిమ్మల్ని ఎప్పుడూ చూడని వాళ్ల చేతికి వెళ్లొచ్చు.

దిగబుద్ధి కావట్లేదు అన్నారు, అది చాలామందికి ఉంటుంది. ఓడలో అందరి పనీ ఒకటే, టైం ఒకటే, ఒడ్డున అలా ఉండదు. ఆ దిగులుని అణచుకోవక్కర్లేదు. రాత్రి ఎలాగూ మెలకువ వస్తోందంటున్నారు కదా, బ్రిడ్జ్‌కి (ఓడ నడిపే గది) ఫోన్ చేసి రావొచ్చా అని అడిగి వెళ్లండి. లైట్లు ఆర్పేసి ఉంటాయి, కళ్లు అలవాటు పడ్డాక ఓడ పక్కన నురగలో నీలంగా మెరిసే ప్లాంక్టన్ కనిపిస్తుంది, మీరు సీసాల్లో పట్టినవాటి బంధువులే. వాచ్ ఆఫీసర్ తీరిగ్గా ఉంటే చార్ట్ మీద మీ స్టేషన్ల దారి అంతా చూపిస్తారు.


మైనస్80:

నిద్రకి ఇంకో మాట. అర్ధరాత్రి వాచ్ నుంచి ఒక్కసారిగా పగటి టైంకి మారాలని చూడొద్దండి, పడుకునే టైం రోజుకి గంటా రెండు గంటలు జరుపుకుంటూ వెళ్లండి, లేచాక డెక్ మీద ఎండలో కాసేపు ఉండండి. దిగాక నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది, ముఖ్యంగా స్నానం చేసేటప్పుడు కళ్లు మూసుకుంటే. బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి, మెదడు ఓడ ఊపుకి అలవాటు పడిపోయి ఉంటాయి కాబట్టి అది మామూలే, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాల తరబడి ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి. మొదటి రోజే డ్రైవింగ్ పెట్టుకోవద్దు.

గ్యాలీ (ఓడ వంటగది) వాళ్లకి, ఇంజిన్ రూమ్ వాళ్లకి పేరుపేరునా థ్యాంక్స్ చెప్పండి. మనం దిగిపోతాం, వాళ్లలో చాలామంది అదే ఓడలో ఇంకో టీమ్‌తో మళ్లీ బయల్దేరతారు. క్రూజ్ రిపోర్ట్‌లో కూడా వాళ్ల పేర్లు తప్పుల్లేకుండా ఉండాలి, స్పెల్లింగ్ వాళ్లనే అడిగి రాయండి.


కెరటాల_చప్పుడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి పూర్తిగా పడుకున్నా. ఇవాళ పొద్దున్నుంచి మా వాచ్, రెండో వాచ్ ఇద్దరం కలిసి మెస్‌లో టేబుల్ మీద షీట్లన్నీ పరిచి కూర్చున్నాం. రెస్ట్ తీసుకో అన్నవాళ్లే వచ్చి కూర్చుని ఒక్కో గడి నింపారు, అడిగితే అందరికీ భలే గుర్తున్నాయి. ఒక బాటిల్‌కి ట్యాప్ దగ్గర చుక్కలు కారుతున్నాయని ఒకరికి తెలుసు, షీట్ మీద మాత్రం ఎక్కడా లేదు. లోపలి లేబుల్స్ కూడా మొదలుపెట్టాం, సాలినిటీ సీసాలు రూమ్‌లో పెట్టాం.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఒక స్టేషన్‌లో సీటీడీ మధ్యలో సిగ్నల్ పోయి పైకి తీసేశారు, మళ్లీ దింపారు. ఆ సగంలో ఆపేసిన కాస్ట్‌కి కూడా రెండో వాచ్ వాళ్లు నంబర్ ఇచ్చారు, మా వాచ్ ఇవ్వలేదు. అక్కడి నుంచి వాళ్ల లేబుల్స్‌లో కాస్ట్ నంబర్ మా వాటికంటే ఒకటి ఎక్కువగా నడిచింది. అంటే 31 అని రాసున్న ట్యూబులు రెండు వేర్వేరు కాస్ట్‌లవి ఉన్నాయి. ట్యూబులన్నీ మైనస్ 80లో ఉన్నాయి, లేబుల్స్ మార్చడం మొదలుపెట్టాలా? ఏ నంబర్ కరెక్ట్ అనుకోవాలి?


రోజెట్_దగ్గర:

ఇప్పుడే బయటపడడం చాలా మంచిదైంది చెల్లీ, రెండు వాచ్‌లూ ఓడ మీదే ఉన్నారు.

ట్యూబుల మీద లేబుల్స్ ముట్టుకోవద్దు. గడ్డకట్టిన ట్యూబ్ మీద రాయడం కష్టం, సగం మార్చాక భోజనానికి పిలిస్తే ఏవి మార్చారో ఏవి మార్చలేదో తెలీక పరిస్థితి ఇంకా పాడవుతుంది. దానికి బదులు ఒక టేబుల్ తయారు చెయ్యి. మొదటి కాలమ్‌లో ట్యూబ్ మీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా. రెండోదాంట్లో ఏ వాచ్, మూడోదాంట్లో శాంపిల్ తీసిన యూటీసీ తేదీ, టైం. నాలుగోదాంట్లో సీటీడీ ఫైల్ పేరు. ఐదోదాంట్లో అసలు కాస్ట్ నంబర్. సీటీడీ కంప్యూటర్ ఫైల్ తయారుచేసేటప్పుడు ఆపేసిన కాస్ట్‌కి కూడా ఫైల్ వచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలో వేసుకున్న నంబరే తీసుకోండి, ఫైల్ పేరుతో కలుస్తుంది. బ్రిడ్జ్ లాగ్‌లో ఓడ స్టేషన్‌లో ఎప్పుడు ఆగింది, విన్చ్ లాగ్‌లో వైర్ ఎప్పుడు దిగింది అన్నది ఉంటుంది, ఆ రెండింటితో యూటీసీ టైం సరిచూసుకోండి, మూడూ కలిస్తే ఇంక అనుమానం ఉండదు.

31 అని ఉన్న రెండు సెట్లలో డెప్త్‌లు కూడా వేరుగా ఉండి ఉంటాయి, అది కూడా చూడు, ఒక కాలమ్ కలుపు. ట్యూబులున్న బాక్సుల మీద మాత్రం పెద్ద అక్షరాలతో "కాస్ట్ నంబర్లకి టేబుల్ చూడండి" అని టేప్ అంటించు, టేబుల్ ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్రతి బాక్స్‌లో ఒకటి వెయ్యి. రెండు వాచ్ లీడర్లూ తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ స్టేషన్‌లో ఏం జరిగిందో క్రూజ్ రిపోర్ట్‌లో నాలుగు వాక్యాలు ఇవాళే రాసెయ్యి, సిగ్నల్ ఏ డెప్త్‌లో పోయింది, బాటిల్స్ ఏవైనా మూసుకున్నాయా, అందులోంచి నీళ్లు ఎవరైనా పట్టారా అన్నది కూడా. పట్టి ఉంటే ఆ ట్యూబులు ఎక్కడో ఉంటాయి, అవి ముందు వెతుకు. ఫైల్ చీఫ్ సైంటిస్ట్ డ్రైవ్‌లో కూడా పడాలి.